నోట్లోనే ఆపుకున్న మాట

మొదటిసారి అది జరిగినప్పుడు పొద్దున పదకొండు గంటలు. ఎండ వసారా గచ్చు మీద పరుచుకుని ఉంది. దసరా సెలవులు, బడి లేదు. నేను చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. రోజూ మాకు చేపలు తెచ్చే ఆమె ఆ రోజు గంప లేకుండా వచ్చి మెట్టు మీద కూలబడింది.

తొంభైల మొదట్లో సంగతి. అప్పుడు మేము బందరులో, గిలకలదిండి వెళ్ళే రోడ్డు పక్కన అద్దెకుండేవాళ్ళం. నేను అక్కడి ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. మా ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. మా అత్తయ్య ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరై మాతోనే ఉండేది. పిల్లలు లేరు. గుడివాడ పక్క పల్లెల్లో సైకిలు మీద తిరిగి సువార్త చెప్పిన మనిషి కూతుర్ని నేను. ప్రార్థన నాకు అన్నం తిన్నంత అలవాటు. అందులో ఆశ్చర్యపడవలసింది ఏదైనా ఉంటుందని ముప్పై ఏళ్ళు వచ్చేదాకా నాకు తెలియదు.

"మూడు రోజులకి రావాల్సిన మా ఆయన బోటు టీచరమ్మా. ఐదు రోజులైంది," అందామె. "మా దేవుళ్ళందరికీ మొక్కాను. మీ దేవుడికి కూడా ఓ మాట చెప్పండి."

నేను చేట పక్కన పెట్టి ఆమె చేతులు పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఎప్పుడూ అనే మాటలే. సముద్రం మీద ఉన్నవాళ్ళను కాపాడు, ఈ బిడ్డకు ధైర్యమివ్వు. మధ్యలో మెడ వెనక చల్లగా అనిపించింది, తడిగుడ్డ వేసినట్టు. తరవాత నా గొంతే, కానీ నేను తలచుకోని మాటలు నాకు వినపడ్డాయి.

"ఎల్లుండి మధ్యాహ్నానికి వస్తాడు. ఎడం చేతికి గుడ్డ కట్టుకుని దిగుతాడు."

కళ్ళు తెరిచాను. ఆమె నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. నా నాలుక చివర ఉప్పగా ఉంది. ఆమెన్ అనడం కూడా మరచిపోయాను.

చెప్పిన రోజు మధ్యాహ్నమే బోటు వచ్చింది. ఇంజను ఆగిపోయిందట. వేరే బోటు వాళ్ళు మోకు కట్టి లాక్కొచ్చారు. ఆ మోకు జారి అతని ఎడం అరచెయ్యి చర్మం లేచిపోతే లుంగీ చించి కట్టుకున్నాడు. భార్యాభర్తలిద్దరూ సాయంత్రం మా ఇంటికొచ్చారు. అతను ఆ కట్టు చూపించి నా కాళ్ళ మీద పడబోతే మా ఆయన పట్టుకుని ఆపాడు.

వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న మా అత్తయ్య మాత్రం వెనక్కి తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ తరవాత జనం రావడం మొదలైంది. చేపల గంపలు దించి వెళ్తూ ఒకరు, బడి వదిలేసరికి గేటు దగ్గర ఒకరు. పోయిన ముక్కుపుడక ఎక్కడుందని, పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళు ఒప్పుకుంటారా అని. అందరికీ ప్రార్థన చేసేదాన్ని. కొందరి దగ్గర మెడ వెనక ఆ చల్లదనం వచ్చేది, మాట వచ్చేది. వచ్చిన ప్రతిసారీ నిజమైంది. ముక్కుపుడక బియ్యం డబ్బాలో దొరికింది. పెళ్ళివాళ్ళు ఒప్పుకున్నారు.

నేను పైకి "అంతా ప్రభువు దయ" అనేదాన్ని. లోపల మాత్రం ఇంకొకటి పెరుగుతూ ఉండేది. రేవులో నడిచి వెళ్తుంటే వలలు బాగుచేసుకునే మగవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. ఆడవాళ్ళు నా కొంగు తాకేవాళ్ళు. వద్దంటూనే ఉండేదాన్ని, చందువ చేపలు మాత్రం వాకిట్లోకి వచ్చేవి. రంగుచీరలు పెట్టెలో పెట్టి తెల్లవి కట్టడం మొదలుపెట్టాను. ఎందుకని మా ఆయన అడిగితే, తెలుపైతే ఉతకడం సుళువు అన్నాను. అది అబద్ధమని మా ఇద్దరికీ తెలుసు.

ఒక మధ్యాహ్నం తలనొప్పిగా ఉండి పడుకున్నాను. ఒకావిడ వచ్చింది. గుడివాడలో అత్తారింట్లో ఉన్న కూతురి దగ్గర నుంచి రెండు నెలలుగా ఉత్తరం లేదట. కూర్చున్నాను, కళ్ళు మూసుకున్నాను. ఏమీ రాలేదు. తెలియదు అని చెప్పి పంపించవలసింది. కానీ ఆవిడ చూపులో ఉన్న నమ్మకాన్ని పోగొట్టుకోవడం నాకిష్టం లేకపోయింది. పక్కింటి గోడవతల బంతిపూలు కనపడుతున్నాయి. వాటిని చూస్తూ కల్పించి చెప్పేశాను.

"ఆదివారం వస్తుంది. ఆకుపచ్చ చీర కట్టుకుని వస్తుంది. చేతిలో బంతిమొక్క ఉంటుంది."

ఆవిడ కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. రాకపోతే ఏదో ఒకటి సర్దిచెప్పుకోవచ్చులే అనుకుని మళ్ళీ పడుకున్నాను.

ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చేసరికి ఆవిడ, ఆమె కూతురు మా వసారాలో ఉన్నారు. కూతురిది ఆకుపచ్చ చీర. చేతిలో పగిలిన ప్లాస్టిక్ మగ్గు, అందులో మట్టి, బంతిమొక్క.

"మీకే తెచ్చానండి," అందా అమ్మాయి నవ్వుతూ. "గుడివాడ బస్టాండులో ఎవరో ముసలాయన అమ్ముతున్నాడు. నాకసలు బంతిపూలు పడవండి, తుమ్ములొస్తాయి. అయినా ఎందుకో కొనాలనిపించింది. ఆయనే పిలిచి మరీ ఇచ్చాడు."

మగ్గు అందుకున్నాను గాని ఎక్కడ పెట్టానో గుర్తులేదు. అప్పటిదాకా మాట దేవుడిదని, నోరు మాత్రమే నాదని అనుకున్నాను. ఈ మాట దేవుడిది కాదు. నేను పుట్టించిన అబద్ధం. దాన్ని నిజం చేయడానికి బస్టాండులో మొక్కలమ్ముతూ ఒకరు కూర్చున్నారు. ఎవరు?

పాస్టరు గారికి చెప్పాను, అబద్ధం సంగతి దాచకుండా. ఆయన మంచివారే, కానీ ఆ రోజు ఆయన కళ్ళు మెరిశాయి. "వరం ఉన్నవాళ్ళకి ఇలాంటి సందేహాలు రావడం సహజమమ్మా. వచ్చే ఆదివారం అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పండి. సంఘం బలపడుతుంది," అన్నారు.

ఇంటికొచ్చి అత్తయ్యకు చెప్పాను. ఆమె చదువుకోలేదు. బైబిలు వాక్యం నేను చదివి వినిపిస్తే వినేది. తమలపాకు ఈనె తీస్తూ అంతా వింది.

"నిజం చెప్పేవాళ్ళందరూ దేవుడి మనుషులేనంటావా?" అంది చివరికి.

"మరి ఎవరి మనుషులు అత్తయ్యా?"

"నాకేం తెలుసు. ఆసుపత్రిలో నలభై ఏళ్ళు మనుషుల్ని చూశాను. ఎర వేసేవాడు ముందు గాలానికి మంచి రొయ్యే గుచ్చుతాడు." ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది. "నీకు దేవుడిచ్చింది ప్రార్థన. అడగడం నీ వంతు, చెప్పడం నీ వంతు కాదు. నోరు కట్టుకో."

కట్టుకున్నాను. అంత తేలిక కాలేదు. వచ్చినవాళ్ళకి "ప్రార్థన చేస్తాను, కానీ ఏమీ చెప్పను" అనేదాన్ని. కొన్నాళ్ళకి రావడం మానేశారు. రేవులో మగవాళ్ళు లేవడం మానేశారు. మామూలు మనిషినైపోయాను. నిజం చెప్పాలంటే, ఆ చూపులు లేక నాకు ఆకలేసినట్టు ఉండేది. అలవాటు మానుకున్న తాగుబోతు సారా కొట్టు వైపు చూసినట్టు నేను మా గేటు వైపు చూసేదాన్ని.

మాటలు మాత్రం రావడం మానలేదు. కుళాయి కింద బిందె నిండుతుంటే ఆ చప్పుడులోంచి ఒక వాక్యం పుట్టేది. బోర్డు మీద ఎక్కాలు రాస్తుంటే పక్క వీధిలో ఎవరింట్లోనో జరగబోయేది నాలుక మీదికి వచ్చేది. పళ్ళు బిగించుకుంటే పోయేది. నోరంతా ఉప్పగా మిగిలేది.

ఇలా రెండేళ్ళు గడిచాయి. ఒక కార్తీకంలో వాయుగుండం పట్టింది. అది తగ్గిన పది రోజులకి చేపలామె వచ్చింది. వాళ్ళ పెద్దమ్మది దివిసీమలో పాలకాయతిప్ప దగ్గర ఊరట. పెద్దమ్మ కొడుకు, ఇంకో నలుగురు వేటకెళ్ళి పన్నెండు రోజులైంది. బోటు జాడ లేదు.

"చెప్పడం మానేశారని తెలుసండి. కానీ ముసల్ది అన్నం ముట్టట్లేదు. ఒక్కసారి వచ్చి కనపడండి చాలు."

నేను అత్తయ్య వైపు చూశాను.

"వెళ్ళు," అంది. "పక్కన కూర్చోడానికి వెళ్ళు. చెప్పడానికి మాత్రం వెళ్ళకు."

తొలి బస్సుకి బయల్దేరాం. చల్లపల్లి దాటాక రోడ్డుకి రెండువైపులా వరి పడిపోయి నీళ్ళలో కుళ్ళుతోంది. కోడూరులో దిగి ఆటో ఎక్కి తిప్పకు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఎండ తీక్షణంగా ఉంది. గాలి ఒక్క పిసరు లేదు. అయినా సరుగుడు చెట్లు హోరుమంటున్నాయి. ఆకు కదలడం మాత్రం కనపడలేదు. కృష్ణ నీళ్ళు సముద్రంలో కలిసేచోట బురద రంగు, నీలం రంగు గీత గీసినట్టు విడిగా ఉన్నాయి. ఇసక మీద ఇరవై మంది దాకా ఆడవాళ్ళు సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు. ఎవరూ ఏడవడం లేదు. మేం వస్తున్న చప్పుడుకి ఒక్కరూ వెనక్కి తిరగలేదు.

చెట్ల దగ్గర బోరింగు ఉంది. దాహమేసి ఆగాను. చేపలామె ముందుకెళ్ళింది. బోరింగు కొడుతున్న చిన్నపిల్ల లాంటి మనిషి నా చెయ్యి పట్టుకుంది. తప్పిపోయిన అతని భార్యట. చుట్టూ చూసి, జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించింది. మోచేతి నుంచి భుజం దాకా నల్లగా కమిలి ఉంది. పన్నెండు రోజులు దాటిన దెబ్బలు, ఇంకా తగ్గలేదు.

"మీరు చెప్తే జరుగుద్దంట కదండీ," అంది గుసగుసగా. "రాడని చెప్పండి. మీకు దణ్ణం పెడతాను. నాకూ నా కూతురికీ ప్రాణం పోసినట్టే."

ఆమె బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ తల్లి అందరికంటే ముందు, అలలు తాకేచోట కూర్చుని ఉంది. ఒళ్ళో కొడుకు చొక్కా. పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకున్నాను.

"వస్తాడని ఒక్క మాట అను తల్లీ. ఒక్క మాట. నువ్వంటే చాలు."

కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన మొదలుపెట్టకముందే మెడ మీద చల్లదనం పడింది, ఎప్పుడూ లేనంత. మాట వచ్చేసింది. ఒకే మాట. "రాడు." గులకరాయిలా నాలుక మీద కూర్చుంది. దానితోపాటే ఒక తీపి. చెప్పెయ్, ఇక్కడున్న ఇరవై మందీ మళ్ళీ నీ కొంగు తాకుతారు అన్న తీపి. ఆ కమిలిన చెయ్యి కూడా కళ్ళ ముందుంది. మంచిపనే కదా అనిపించింది. ఇంకోపక్క నుంచి ఇంకో ఆలోచన. "వస్తాడు" అను. నీ అబద్ధాలు కూడా నిజమవుతాయిగా, ముసలిదాని ప్రాణం నిలబెట్టు. రెండూ మంచి మాటల్లాగే ఉన్నాయి. రెండింటికీ నా నోరే కావాలి. అప్పుడు తెలిసింది నాకు. ఏ మాటైనా నా చేత అనిపించేదానికి సమ్మతమే, నేను అంటే చాలు.

లోపల ప్రభువును పిలిచాను. ఏ జవాబూ రాలేదు. సాయంగా ఏ వెలుగూ పడలేదు. ఎండ, ఇసక, ఆ మాట, అంతే. గట్టిగా మింగాను. నిజంగా ఒక రాయి గొంతులో దిగినట్టే నొప్పి పెట్టింది.

"నాకు తెలియదు పెద్దమ్మా," అన్నాను. "నాకెప్పుడూ తెలియలేదు. ఎవరో నా చేత అనిపిస్తే అన్నాను. ఆ అనిపించేది ఎవరో కూడా తెలియదు. నేను నీతో కూర్చుంటాను, దేవుణ్ణి అడుగుతాను. అంతకుమించి నా దగ్గర ఏమీ లేదు."

ముసలామె నా వైపు తిరిగింది. "ఇంకోటి కూడా అన్నావు."

"లేదు పెద్దమ్మా."

"అన్నావు. నా చెవి పక్కనే వినపడింది. సరిగా తెలియలేదు." నా ముఖంలోకి, నా నోటిలోకి చూసింది. "నీ గొంతు కాదది. మగ గొంతు."

ఆమె చెయ్యి విడిపించుకుని, పిడికెడు ఇసక తీసి నా మీద విసిరింది. "ఇంత దూరం వచ్చి ఇదా చెప్పేది? లే ఇక్కణ్ణుంచి!"

నేను లేవలేదు. నాలుగు గజాలు వెనక్కి జరిగి అక్కడే ప్రార్థన చేస్తూ కూర్చున్నాను, సాయంత్రం బస్సు వేళ దాకా. ఎవరూ నాతో మాట్లాడలేదు. ఆ కోడలు కూడా దూరం నుంచి ఒక్కసారి చూసి ముఖం తిప్పుకుంది. అడిగిన మాట నేను అననందుకు అత్తాకోడళ్ళిద్దరికీ నా మీద ఒకే కోపం.

తొమ్మిది రోజుల తరవాత చేపలామె పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. ఐదుగురూ తిరిగొచ్చారు. బోటు ఎక్కడో ఒరిస్సా ఒడ్డుకి కొట్టుకుపోయిందట. అక్కడి వాళ్ళు గంజి పోసి బతికించి లారీ ఎక్కించారు.

ఆమె సంతోషంగా చెప్తుంటే నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. నా నోట్లోకి వచ్చిన మాట "రాడు". అదివరకు వచ్చిన ఏ మాటా తప్పలేదు. ఇది తప్పిందా? లేక నేను అని ఉంటే జరిగేదా? ఆ లారీ ఎక్కిన మనిషి ఎక్కకుండా పోయేవాడా? ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. రెండింట్లో ఏది నిజమైనా నాకు భయమే.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం ఆ కోడలు మా గేటు తీసుకుని వచ్చింది. చంకలో మూడేళ్ళ కూతురు. చెవి తమ్మె చిరిగి జాకెట్టు మీద రక్తం ఎండిపోయి ఉంది.

"ఒక్క మాట," అంది నాతో. "ఒక్క మాట చెప్పుంటే మీ సొమ్మేం పోయేది?"

అత్తయ్య ముందుకొచ్చి పిల్లను ఎత్తుకుంది. "అమ్మాయ్, కబుర్లు తరవాత. నీళ్ళు కాచి పట్రా. పిల్లకి అన్నం కలుపు," అంది నాతో.

మూడో రోజు ఆమె మొగుడు వచ్చాడు. పట్టపగలే, తాగి. గేటు బాదుతూ బూతులు తిడుతున్నాడు. వీధంతా బయటికొచ్చింది. నేను వసారాలో నిలబడ్డాను. అప్పుడు మళ్ళీ వచ్చింది. ఈసారి ఒక్క మాట కాదు, మొత్తం వాక్యం. అతని చావు ఎక్కడో, ఏ వారంలోనో, ఎలాగో. అది ఇక్కడ రాయను. అతను గేటు మీద నుంచి నన్ను వేలు పెట్టి చూపిస్తూ అరుస్తుంటే, ఆ వాక్యం పెదాల దాకా వచ్చి తలుపు తోస్తోంది. వెనక గదిలో ఆ అమ్మాయి వెక్కిళ్ళు వినపడుతున్నాయి. నాకు అతని మీద జాలి లేదు. అతను చచ్చిపోతే బాగుండుననే ఉంది. అనకూడదన్నది ఒక్కటే నాకు మిగిలింది. నాలుక కొరుక్కున్నాను. రక్తం వచ్చేదాకా కొరుక్కున్నాను.

అత్తయ్య అన్నం గరిటె చేత్తో పట్టుకుని మెట్లు దిగింది. గేటు ఇవతల నిలబడింది.

"నీ పెళ్ళాం లోపలుంది. రాదు. నువ్వు తాగుడు మాని, నీ ఊరి పెద్దల్ని వెంటబెట్టుకుని వస్తే మాట్లాడదాం. ఇప్పుడు గేటు మీద చెయ్యి తియ్యి."

ఏమనుకున్నాడో, తీశాడు. వీధిలో మగవాళ్ళు ఇద్దరు ముగ్గురు అప్పటికి దగ్గరకొచ్చారు. తూలుకుంటూ వెళ్ళిపోయాడు. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికెళ్ళి పుక్కిలించి ఉమ్మాను. ఎర్రగా పడింది. ఆ వాక్యంలో చెప్పిన వారం గడిచేదాకా నాకు అన్నం సయించలేదు. ఆ వారం గడిచింది. అతను బతికే ఉన్నాడు.

ఆ అమ్మాయి పదకొండు నెలలు మా ఇంట్లోనే ఉంది. అత్తయ్యకున్న పాత పరిచయాల వల్ల ఆసుపత్రిలో ఆయాగా చేరింది. తరవాత వేరే గది తీసుకుంది. కూతురు నా బడిలోనే చదివింది. పాలకాయతిప్ప సంగతి మా మధ్య మళ్ళీ రాలేదు. నన్ను క్షమించిందో లేదో నేను అడగలేదు. వండిన రోజు మాత్రం చేపల పులుసు గిన్నె పంపేది.

నాకు మాటలు రావడం క్రమంగా తగ్గింది. అత్తయ్య పోయిన రోజు పొద్దున ఒకటి వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, దాన్ని పైకి రానివ్వలేదు. ఆ తరవాత ఎప్పుడైనా నోట్లో ఉప్పదనం తగులుతుంది. మంచినీళ్ళు తాగుతాను.

రెండువేల అయిదో ఆరో, గిలకలదిండి రేవులో రొయ్యలు కొంటుంటే ఐసు కొట్టు దగ్గర ఒకతను పలకరించాడు. జుట్టు నెరిసింది, ఒళ్ళు కరిగింది. మా గేటు బాదినతనే.

"బాగున్నారా టీచరు గారూ? గుర్తుపట్టలేదా? మీ ప్రార్థన వల్లే నేను సముద్రంలోంచి తిరిగొచ్చానని మా అమ్మ చచ్చేదాకా చెప్పుకుందండి." తల వంచుకున్నాడు. "తాగుడు మానేశాను. ఏళ్ళయింది. మా అమ్మాయి నాతో మాట్లాడదు గాని."

"ప్రార్థన చేశాను, నిజమే," అన్నాను.

అతను ఇంకేదో అడగబోయినట్టు నిలబడ్డాడు. ఇంతలో ఐసు లారీ వచ్చింది. దిమ్మలు దించడానికి వెళ్ళాడు. నేను రొయ్యలు సంచిలో వేసుకుని ఆటో కోసం రోడ్డు మీదికి నడిచాను.